కొబ్బరిపీచు కోతి

ఆ పెద్ద కోతి సినిమాను మళ్లీ తీస్తున్నారని మొన్న పొద్దున్న ఫోన్‌లో చిన్న వార్త కనిపించింది. నాలుగు వాక్యాలే. ఎవరు తీస్తున్నారో, ఎప్పుడు వస్తుందో అందులో లేదు. చదివి, ఫోన్ పక్కన పెట్టి, చెప్పుల కోసం చూశాను. కాశీబుగ్గ బస్టాండు దాకా నడిచి, సముద్రం వైపు వెళ్లే ఆటో ఏదైనా ఎక్కి, ఆయనకు ఈ కబురు చెప్పి రావాలి. ఒక కాలికి చెప్పు తొడిగాక గుర్తొచ్చింది, ఆయన లేడు. పోయి చాలా ఏళ్లయింది.

ఆ సినిమా సంగతి తెలియనివాళ్లు తక్కువే అయినా చెబుతాను. ఎక్కడో దీవిలో కొండంత కోతి ఉంటుంది. దాన్ని గొలుసులతో కట్టి, ఓడలో వేసుకుని, పట్నానికి తెచ్చి ప్రదర్శనకు పెడతారు. అది గొలుసులు తెంచుకుంటుంది. ఎత్తయిన మేడ ఎక్కుతుంది. విమానాలు వచ్చి కాలుస్తాయి. అంతే కథ. తాతల కాలంలో నలుపు తెలుపుల్లో తీశారు. తర్వాత రంగుల్లో తీశారు. ఆ తర్వాత కంప్యూటర్లతో తీశారు. తరం మారినప్పుడల్లా ఎవరికో ఒకరికి ఆ కోతిని మళ్లీ మేడ ఎక్కించాలనిపిస్తుంది. అది ఎప్పుడు అనిపిస్తుందా అని కొబ్బరి, జీడితోటల ఉద్దానంలో ఒక మనిషి ఎదురుచూసేవాడు.

ఆయన పని కొబ్బరికాయలు ఒలవడం. నేలలో పాతిన గునపం మొన మీద కాయను దించి, ఒక్క మెలికతో డొక్క ఊడదీసేవాడు. జుట్టులో, మీసంలో, చొక్కా మడతల్లో ఎప్పుడూ పీచు ఉండేది. కాశీబుగ్గలో మా పత్రిక గది మేడ మీద ఉండేది. నెలకో రెండు నెలలకో కొబ్బరి లోడుతో పాటు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ మెట్లెక్కి వచ్చేవాడు. కుర్చీ చూపిస్తే కూర్చోడు. పాత పేపర్ల కట్ట మీద కూర్చుంటాడు. నేను రాస్తున్న వార్త పూర్తయ్యేదాకా గోడకున్న క్యాలెండరు చూస్తూ ఉండేవాడు. కలం మూత పెట్టిన చప్పుడు వినగానే ఇటు తిరిగేవాడు.

"బావూ, కోతిని మల్లీ తీత్తన్నారేటి?"

లేదు మావా, అనేవాణ్ణి. "నేదా," అనేవాడు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ల గురించి అడిగి, ఇంకా నయం కాలేదట అని విన్నవాడిలా తల ఊపేవాడు. టీ తాగి వెళ్లిపోయేవాడు. ఎన్నికలు వచ్చినా, తుపాను వచ్చినా, ఆయనకు నా దగ్గర కావలసిన వార్త ఆ ఒక్కటే. సినిమా పిచ్చి అనుకున్నాను మొదట్లో. కాదని తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

ఆయన తండ్రి అమ్మవారి సంబరాల్లో పులి వేషం కట్టేవాడు. ఆ వేషానికి నియమాలున్నాయి. కట్టే రోజు నీచు ముట్టకూడదు. తలకు పోసుకుని, కొబ్బరికాయ కొట్టి కట్టాలి. మొహం కట్టిన దగ్గర్నుంచి, గుడి దగ్గర దించేదాకా నోరు విప్పకూడదు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. మాట్లాడితే లోపల మనిషి ఉన్నాడని జనానికి తెలిసిపోతుందని కాదట, జనానికి ఎలాగూ తెలుసు. వేషానికి తెలిసిపోతుందట.

కాశీబుగ్గలో ఒక సినిమా హాలు వాళ్లు పాత నలుపు తెలుపుల కోతి సినిమాను తెచ్చినప్పుడు, మైకు బండి మీద ఒక కోతిని నిలబెడితే జనం వస్తారని వాళ్లకు తోచింది. పులి వేషగాడి కొడుకు కదా అని ఈయన్ని పిలిచారు. అప్పటికి ఆయన పడుచువాడు. పెళ్లయి, నెలల పిల్ల ఉంది. కోతిని తనే చేసుకున్నాడు. గోనెసంచులు మనిషి ఆకారంలో కుట్టి, వాటి మీద చింతపిక్కల జిగురుతో కొబ్బరిపీచు పొరలు పొరలుగా అంటించాడు. తలకాయను వెదురు బద్దలతో కట్టాడు. అంతా అయ్యాక చూస్తే పీచు రంగు ఎర్రగా ఉంది, హాలు ముందు బొమ్మలో కోతి నల్లగా ఉంది. జీడిపిక్కల తొక్కల్లోంచి తీసిన నూనె పూశాడు.

కాశీబుగ్గను ఆనుకున్న జీడిపప్పు ఊరు పలాసలో పుట్టినవాడెవడూ చేయని పని అది. ఆ నూనె తగిలితే తోలు ఊడి వస్తుంది. ఆయన భార్య జీడిపిక్కలు కొట్టే పనికే వెళ్లేది, ఆవిడ వేళ్లే అందుకు సాక్ష్యం. వద్దని చెప్పిందట. గోనె అడ్డం ఉంది కదా, లోపలికి దిగదన్నాడట. ఎర్రటి ఎండలో చెమట పట్టేసరికి అది పైనుంచి లోపలికి దారి చూసుకుంది. ఆ బొబ్బలు మానిన మచ్చలు భుజాల మీద ఎప్పటికీ ఉండిపోయాయి. చొక్కా మార్చుకుంటున్నప్పుడు ఎవరైనా అడిగితే, "కోతి కరిసింది," అనేవాడు.

వేషం కట్టిన ఆ మొదటి రోజు మధ్యాహ్నానికి ఆయన రిక్షా మీద నిలబడి మార్కెట్ దాటుతుండగా బావమరిది పరుగున వచ్చాడు. పిల్లకు వాంతులు, విరేచనాలు ఆగడం లేదు, టెక్కలి ఆసుపత్రికి తీసుకుపోయారు, కళ్లు తేలేస్తోంది. కింద నిలబడి ఇదంతా కోతితో చెప్పాడు. కోతి ఏమీ అనలేదు. అనకూడదు. అన్నీ విని, ఆ పీచు తలకాయ లోపల, మనసులోనే మొక్కుకున్నాడట: అమ్మా, ఈ గుంటని ఉంచు, ఈ వేషం నీకు మూడుసార్లు కడతాను. వాళ్లింట్లో ఏ మొక్కయినా మూడే.

బండి తిరగవలసిన వీధులు తిరిగి, గుడి దగ్గర తలకాయ మాత్రం తీసి, మిగతా వేషం విప్పే ఓపిక లేక అలాగే టెక్కలి బస్సెక్కాడు. ఒళ్లో కోతి తలకాయ. ఇందులో మనిషెవరు, సామాను ఏదో చెప్పమన్నాడట కండక్టరు. ఆసుపత్రిలో నర్సు లోపలికి రానివ్వలేదు. గుమ్మం దగ్గర గోనె విప్పి, కింద కట్టుకున్న పంచెతో, ఒళ్లంతా బొబ్బలతో వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాడు. తెల్లారేసరికి పిల్ల పాలు తాగింది.

ఊరికి వచ్చి అమ్మవారి పూజారికి మొక్కు సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నాడు. పులి అని మొక్కుకుని ఉంటే మూడు సంబరాల్లో తీరిపోయేది. ఈ వేషం అన్నావు, ఒంటి మీదున్నది కోతి. అది కూడా ఉత్త కోతి కాదు, సినిమా బండి మీది కోతి. సినిమా లేకుండా ఒంటరిగా రోడ్డు మీద పీచు కట్టుకుని తిరిగితే అది పిచ్చివాడి వేషం అవుతుంది గానీ మొక్కు కాదు. కట్టింది ఒకటిగా లెక్క, ఇంకో రెండుసార్లు ఆ సినిమా రావాలి.

చుట్టాలు ఎన్ని దారులో చెప్పారు. పులితో సరిపెట్టెయ్ అన్నారు, అమ్మవారు సర్దుకుంటుందన్నారు. ఆయన ఒప్పుకోలేదు. బతికింది నిజం పిల్ల అయినప్పుడు, కట్టాల్సింది కూడా మొక్కిన వేషమే అని ఆయన లెక్క.

రెండోది రంగుల సినిమా. కొన్నేళ్ల తర్వాత, పెద్ద ఊళ్లన్నీ తిరిగి అరిగిపోయిన రీళ్లతో మా దగ్గరకు వచ్చింది. అప్పటికి నేను కాశీబుగ్గలో విలేకరిగా కొత్త. హాలు పక్కన నిలబడి చూశాను, ఎవరో ఏమిటో తెలియకుండానే.

కోతి వేషం అంటే గెంతులు, పళ్లు ఇకిలించడం ఉంటాయనుకున్నాను. అవేమీ లేవు. రిక్షా మీద ఆ నల్లటి ఆకారం భుజాలు కిందికి వాల్చుకుని నిలబడి ఉంది. పిల్లలు అరటిపళ్లు అందిస్తే తీసుకుని, తినకుండా, ఎవరిదో వస్తువు భద్రం చేస్తున్నట్టు గుండెకు ఆనించి పట్టుకుంది. మార్కెట్ మధ్యకు వచ్చాక ఉన్నట్టుండి తలెత్తి ఆకాశంలోకి చూసింది. ఒక చెయ్యి నెమ్మదిగా లేచి, ఈగను తోలినట్టు గాలిలో ఊగింది. వీధిలో ఉన్నవాళ్లంతా పైకి చూశారు. కూరలమ్మే ఆడవాళ్లు, సైకిళ్ల మీద ఉన్నవాళ్లు, నేను. పైన ఏమీ లేదు. తిరిగి కోతి వైపు చూస్తే అది ఇంకా పైకే చూస్తోంది. నవ్వుతున్న జనం నవ్వు ఆపేశారు.

ఆ సాయంత్రం ఫొటో కోసం వెతుక్కుంటూ వెళ్లి ఆయనతో పరిచయం చేసుకున్నాను. పైకి చూసి ఏం చూశారని అడిగాను. విమానాలు, అన్నాడు. కోపం రాలేదా వాటి మీద, అని అడిగాను.

"కోపమెందుకు వత్తాది బావూ? ఆడికి అవేటో తెలీదు. ఆడు ఆ ఊరు తనంతట తాను పోలేదు. అట్టుకెల్లినారు."

పలాస స్టేషన్లో ఏ రోజు చూసినా సంచులు పక్కన పెట్టుకుని దూరపు రైళ్ల కోసం కూర్చున్న మన కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్ల మధ్యగా నడిచి వెళ్లేటప్పుడు, తనంతట తాను పోలేదు, పట్టుకెళ్లారన్న ఆ మాట చాలాసార్లు గుర్తొచ్చింది.

మూడు సినిమాలూ చూసినవాడు కాబట్టి ఆయనకు వాటి మీద అభిప్రాయాలుండేవి. మొదటి సినిమాలో కోతి కుదుపులు కుదుపులుగా, బొమ్మలా కదులుతుంది. అయినా చచ్చిపోయేటప్పుడు మాత్రం నిజంగానే చచ్చిపోయింది అనేవాడు. రెండో సినిమాలో కోతిని చూడగానే పట్టేశాడు. లోపల మనిషున్నాడు, మోకాలు చూడు, మడతపడే తీరు మనదే, వాడికి కూడా ఉక్కపోస్తోంది, అన్నాడు. ఎక్కడో తెలియని దేశంలో, ఎవరో తెలియని ఒక మనిషి తనలాగే ఆ తోలు లోపల చెమటలు కక్కుతున్నాడన్న సంగతి ఆయనకు చాలా తృప్తినిచ్చింది. చాలాకాలం ఆ లోపలి మనిషి గురించి అడిగేవాడు, ఎలా ఉన్నాడో, పిల్లలున్నారో. మూడో సినిమా చూసి వచ్చి, బాగుంది, ఒక్కో వెంట్రుకా కనిపిస్తోంది, అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, "లోపల ఎవుడూ లేడు," అన్నాడు.

అయితే ఆ మూడోది రావడానికి ముందున్న ఏళ్ల గురించే చెప్పాలి. రెండో వేషం అయ్యాక ఇంకొక్కటే మిగిలింది. ఆ ఒక్కదాని కోసం ఆయన వెంట్రుకలు నెరిశాయి. మధ్యలో పెద్ద పెద్ద జంతువుల సినిమాలు చాలా వచ్చాయి. పాములు, మొసళ్లు, సముద్రంలోంచి లేచి ఊళ్లు తొక్కే బల్లి. బల్లి సినిమా వచ్చినప్పుడు హాలు మేనేజరు కబురంపాడు, బల్లి కూడా పెద్దదే కదా, ఆ పీచుకే ఒక తోక తగిలించుకుని వచ్చెయ్ అని. ఆయన టికెట్టు కొనుక్కుని సినిమా చూసి, మేనేజరు గదికి వెళ్లి, బల్లి మంచివాడేగాని మనవాడు కాదని చెప్పి వచ్చాడు. మేనేజరు ఈ మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

ఆయన ఇంట్లో మాత్రం నవ్వు లేదు. పిల్లకు జ్వరం వచ్చినా, కాలు బెణికినా తల్లి భర్త మొహం చూసేది. పిల్ల పెద్దదై, కంచిలి దగ్గర ఒక ఊరికి కాపురానికి వెళ్లింది. తొలి కాన్పు నిలవలేదు. ఎవరు మొదట అన్నారో తెలియదు గాని, మొక్కు బాకీ ఉంది కదా అనే మాట అత్తవారి ఊరి నుంచి పుట్టింటి ఊరి దాకా వచ్చేసింది. రెండోదీ నిలవకపోయేసరికి ఆ మాట అందరూ పైకే అనసాగారు. ఆయన మా గదికి రావడం ఎక్కువైంది. పేపర్ల కట్ట మీద కూర్చుని, క్యాలెండరు చూడ్డం మానేసి, నా కలం వైపే చూసేవాడు. నేను కూడా వార్తా ఏజెన్సీలు పంపేవాటిలో సినిమా కబుర్లు వెతకడం మొదలుపెట్టాను. ఒకసారి, తీయకపోతే ఏం చేస్తావు మావా అని అడిగాను.

"తీత్తారు బావూ. ఆన్ని సంపకుండా ఎన్నాల్లుంటారు?"

తీశారు. ఆ వార్త వచ్చిన రోజు నేనే ఆటో ఎక్కి వాళ్ల ఊరికి వెళ్లాను. జీడితోటల మధ్య ఇసుక దారి, దాని చివర తాటాకుల చూరు. చెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. ఉద్దానంలో ఆ వాపు దేనిదో ఎవరూ అడగక్కర్లేదు. విశాఖపట్నంలో డాక్టరు కిడ్నీలు సగం పోయాయన్నాడట, ఎండలో తిరగకూడదని, బరువు మోయకూడదని చెప్పాడట. సినిమా తెలుగు మాటలతో కొద్ది నెలల్లో కాశీబుగ్గకు కూడా వస్తుందని చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పనికి దూరమైనా ఆ అరచేతుల్లో గరుకు పోలేదు. తర్వాత మంచం దిగి, పాకలోకి వెళ్లి, పీచు కట్టలు ఎన్నున్నాయో చూసుకోవడం మొదలుపెట్టాడు.

హాలు అప్పటికి మేనేజరు చేతుల్లోంచి యజమాని కొడుకు చేతుల్లోకి వచ్చింది. ఈ రోజుల్లో కోతి వేషాలేమిటి, ఫ్లెక్సీ కట్టేశాం కదా అన్నాడు అతను. మొక్కు సంగతి విని, మెత్తబడి, మైకు ఆటో వెనక ఒక ట్రాలీ ఆటోను ఏర్పాటు చేస్తానన్నాడు.

సినిమా రావడానికి వారం ముందు నన్ను రమ్మని కబురు చేస్తే వెళ్లాను. వాకిట్లో కొత్త వేషం పరిచి ఉంది. ఈసారి నలుపు కోసం దీపం మసి, ఆముదం కలిపి పూశాడు. కూతురు కంచిలి నుంచి వచ్చింది. తండ్రిలా పొడగరి, నిమిషం మాట్లాడకుండా ఉండలేని మనిషి. ఆయన వేషం తొడిగి చూస్తానన్నాడు. భార్య, కూతురు చెరో వైపు పట్టుకుని ఎక్కించారు. వీపున తాళ్లు బిగించారు. చెయ్యి వదలమన్నాడు. వదిలారు. రెండు అడుగులు వేశాడు. మూడో అడుగుకు మోకాళ్లు ఒంగిపోయి, ఆ పీచు అంతా అలాగే కిందికి దిగి వాకిట్లో కుప్పగా కూర్చుంది. ఎవరూ లేపడానికి వెళ్లలేదు. కాసేపు అక్కడ ఒక నల్లటి కుప్ప, దాని మీద ఒక ముసలి తల. సముద్రపు గాలికి పీచు కదులుతోంది.

కూతురే ముందు మాట్లాడింది.

"ఇప్పు నాన్నా. నాను కడతాను."

"ఆడగుంటలు కట్టకూడదు."

"ఎవులు సెప్పినారు?"

"పెద్దోలు."

"అమ్మోరు ఆడదేటి, మొగోడేటి?"

ఆయన పీచు సర్దుకుంటూ, "మొక్కింది నాను," అన్నాడు.

"బతికింది నాను," అంది కూతురు.

ఇద్దరి మధ్య నిలబడ్డ తల్లి ఇప్పుడు నా వైపు తిరిగి, "కట్టమను బావూ. గానీ పొద్దల్లా మాటాడకుండా ఉండగల్దేటి ఇది? అదే నాకు బెంగ," అంది. మొదట నవ్వింది కోతి ఒంట్లో ఉన్న మనిషే. నవ్వుతుంటే ఆ పీచంతా ఊగింది.

ఆ వారం రోజులూ ఆయన కూతురికి నడక నేర్పాడు. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. మంచం మీద కూర్చుని, చేతికర్రతో చూపిస్తూ చెప్పేవాడు. గెంతకూడదు, కోతి గెంతుతుంది గాని వీడు గెంతడు, బరువున్నవాడు నిదానంగా నడుస్తాడు. భుజాలు ముందు వెళ్లాలి, కాళ్లు తర్వాత వెళ్లాలి. జనం నవ్వితే వాళ్ల వైపు చూడకూడదు, తిడితే అసలే చూడకూడదు. ఆమె ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసేది. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. ఒక్కచోట మాత్రం పదేపదే చేయించాడు, పైకి చూడ్డం.

"మెడ అంత గబుక్కున లేపకు. నీకేటో ఇనిపించింది. ఏటో తెలీదు. తెలీనోడు సూసినట్టు సూడు."

"తెలీనోడు ఎలగ సూత్తాడు?"

"నువ్వు టెక్కలాసుపత్రిలో సూసినట్టు," అన్నాడు. నెలల పిల్లగా ఆ రోజు తను ఎలా చూసిందో ఆమెకేం తెలుసు. కానీ ఆ మాట తర్వాత ఎదురు ప్రశ్న వేయలేదు. తల నెమ్మదిగా ఎత్తింది. ఆయన కర్ర పక్కన పెట్టేశాడు.

బండి బయలుదేరే రోజు పొద్దున్నే కూతురు ఇంటి దగ్గర తలకు పోసుకుని వచ్చింది. హాలు వెనక గదిలో కొబ్బరికాయ కొట్టి, తల్లే తాళ్లు బిగించింది. మొహం కట్టే ముందు ఆమె ఏదో చెప్పబోయి, తండ్రిని చూసి మానుకుంది. తలకాయ దిగింది. అంతే, ఆ గదిలో ఆమె లేదు. లోపల ఉన్నది ఆడమనిషి అని తెలిసినవాళ్లం మేమూ, హాలు యజమాని కొడుకూ మాత్రమే.

మైకు ఆటో ముందు, ట్రాలీ వెనక. మైకు ఆటో వెనక భాగంలో సామాన్లు పెట్టే చోట, వెనక్కి తిరిగి కూర్చుంటానన్నాడు ఆయన. పక్కన నన్ను కూర్చోమన్నాడు. డప్పులు మోగాయి. ట్రాలీ కదిలింది. మాకు పది గజాల దూరంలో, ఎండలో, ఆ కోతి మా వైపే చూస్తూ రావడం మొదలుపెట్టింది.

నేను ఊళ్లో జనాన్ని చూస్తున్నాను. ఫ్లెక్సీలు, టీవీలు వచ్చాక ఎవరు చూస్తారనుకున్నాను. జీడిపప్పు దుకాణాల వాళ్లు మెట్ల మీదకు వచ్చారు. కొందరు పెద్దవాళ్లు ఇంతకుముందు వచ్చినవాడే అని పక్కవాళ్లకు చెప్పడం వినిపించింది. ముసలోడై కూడా ఎంత బాగా నిలబడ్డాడో చూడండి అన్నాడు ఒకాయన. కొంతదూరం పోయాక పక్కనున్న మనిషి వైపు తిరిగి చూశాను.

ఆయన జనాన్ని చూడటం లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. మార్కెట్ మధ్యలో కోతి ఆగింది. భుజాలు వాలాయి. తల మెల్లిగా లేచింది. చెయ్యి గాలిలోకి వెళ్లి, దేన్నో తోలి, అక్కడే కాసేపు ఉండిపోయింది. కూరల బుట్టల దగ్గర, బళ్ల మీద, మెట్ల మీద ఉన్నవాళ్లంతా పైకి చూశారు. డప్పుల వాళ్లు కూడా కొట్టడం ఆపి చూశారు. ఆ వీధి మొత్తంలో పైకి చూడనివాడు ఆయన ఒక్కడే.

"నాను ఇలగుండీవోన్నేటి?" అన్నాడు.

అవును మావా, ఇలాగే ఉండేవాడివి, అన్నాను. వేషం కట్టినవాడు తన వేషాన్ని ఎప్పుడూ చూడలేడన్న సంగతి నాకప్పుడే తట్టింది. ఆ పీచు లోపల ఆయనకు కనిపించినవి రెండు కన్నాల్లోంచి జనం మొహాలు, ఆకాశం. అంతే.

"ఎవులూ సెప్పలేదు," అన్నాడు.

స్టేషన్ రోడ్డు చివర ట్రాలీ ఆగింది. అక్కడితో తిరగవలసిన వీధులు అయిపోయాయి. ఇక అమ్మవారి గుడికి పోయి వేషం దించాలి. దించితే మూడూ పూర్తవుతాయి. ఇన్నేళ్ల బెంగ, కూతురి మీద ఊరు వేసిన మాట, అన్నీ దాంతో దిగిపోతాయి. గుడికేనా అని మా ఆటో డ్రైవరు అడిగాడు. ఆయన వినిపించుకోలేదు. డ్రైవరు మళ్లీ అడిగాడు. ఆయన కోతి మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఇంకో వీధి తిప్పు బావూ," అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. లోపల ఎంత ఉక్కపోస్తుందో ఆయన కంటే తెలిసినవాళ్లు లేరు. డ్రైవరు ఏం చెయ్యమంటారన్నట్టు ట్రాలీ వైపు చూశాడు. కోతి మాట్లాడకూడదు, మాట్లాడలేదు. పీచు చెయ్యి ఎత్తి, మేం ఇంకా వెళ్లని పాత మార్కెట్ వీధి వైపు చూపించింది.